బొట్టుబిళ్ళ కింద నీళ్ళ ట్యాంకు

మొన్న వైశాలి నగర్‌లో ఒక పెళ్ళికి వెళితే, వీడియో తీసే అమ్మాయి చేతిలో నల్లటి పిడి ఒకటి కనిపించింది. దాని నెత్తిన సెల్‌ఫోను. ఆ పిల్ల పరుగెత్తుతోంది, వంగుతోంది, కుర్చీ ఎక్కి దిగుతోంది. ఫోనులో బొమ్మ మాత్రం కుదురుగా ఉంది. నాకు ఊరుకునే గుణం ఎప్పుడూ లేదు. "ఏదీ, ఓసారి ఇలా ఇయ్యి" అని చెయ్యి చాచాను. ఆ పిల్ల మన శ్రీకాకుళం వాళ్ళ మనవరాలే గానీ, ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగింది కాబట్టి నోట్లోంచి ముందు హిందీయే వస్తుంది. "లీజియే ఆంటీ. హాథ్ కిత్నా భీ హిలే, వీడియో నహీ హిలేగా" అంది. చెయ్యి ఎంత కదిలినా బొమ్మ కదలదట.

పట్టుకున్నాను. అరవై దాటిన చెయ్యి. ఈ మధ్య పోపు పెడుతుంటే ఆవాలు సగం మూకుడు బయటే పడుతున్నాయి. మా కోడలు చూసి చూడనట్టు తుడిచేస్తోంది. రోజూ పొద్దున్నే మనవరాలిని స్కూటీ మీద బడికి దింపేది నేనే కాబట్టి, ఆ ఆవాల సంగతి నేనూ చూడనట్టే ఉంటున్నాను. పిడి పట్టుకున్న చెయ్యి వణుకుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. ఫోనులో పెళ్ళిపందిరి మాత్రం బండరాయిలా నిలబడింది. "దేఖా ఆంటీ!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు కోపం వచ్చింది. అబద్ధాలకోరు సామాను ఇది అనబోయి, పెళ్ళివారి ఇల్లు కదా అని నోరు మూసుకుని ఇచ్చేశాను.

అబద్ధం చెప్పే పిడి నాకు కొత్త కాదు. మా ఇంట్లో ఒకటుంది. ఇడ్లీపిండి పొంగి గిన్నె మీది మూత లేచిపోకుండా దాన్నే బరువు పెడతాను. అది చేసిన మనిషి పోయిన వానాకాలంలో విజయనగరంలో కూతురి ఇంట్లో కన్ను మూశాడు. ఆ కబురు వచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు. మొన్నటి పెళ్ళిలో భోజనాల దగ్గర, విస్తట్లో పులిహోర పడుతుండగా వచ్చింది. పక్కనున్నావిడ నేను మిరపకాయ కొరికాననుకుని మంచినీళ్ళు అందించింది.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన కూతురు నొచ్చుకుంటుందేమో. మా ఆయన "మావా" అనేవాడు, నేను "మావయ్యా" అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు. తొంభైల్లో, ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ వన్‌లో మా గుమ్మానికి ఎదురు గుమ్మం వాళ్ళది. సందు ఎంత ఇరుకంటే, ఆయన తుమ్మితే మా ఇంట్లోంచి "చిరంజీవ" అనేవాళ్ళం.

ఉక్కు ప్లాంటులో ఆయన క్రేన్ ఆపరేటర్. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే పెద్ద క్రేన్. పైన చిన్న క్యాబిన్‌లో కూర్చుని, రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకుని, కరిగిన ఉక్కు నిండిన బకెట్‌ని ఎత్తి, మోసుకెళ్ళి, దింపేవాడు. బకెట్ అన్నానని స్నానాల గదిలోది అనుకోకండి. మా ఇంటి ముందుగది అందులో పట్టేస్తుంది. కింద నేల మీద నిలబడి ఆ బకెట్‌కి దారి చూపించే మనిషి మా ఆయన. అక్కడి రొదలో మాట వినపడదు. అంతా చేతి సైగలే. వేలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు. చెయ్యి చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, అడ్డంగా ఊపితే ఆపు. పదకొండేళ్ళ పాటు ఆ ఇద్దరూ ఒకరు పైనుంచీ ఒకరు కిందనుంచీ అలా చేతులతో మాట్లాడుకుంటూ బతికారు. ఇంటికొచ్చినా అదే భాష. అన్నం వడ్డిస్తుంటే మా ఆయన "చాలు" అనడు, చెయ్యి అడ్డంగా ఊపుతాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత నాకూ అంటుకుంది.

ఆ సైగల్లో ఒక నియమం ఉంది. మావయ్య దాన్ని దేవుడి మాటలా చెప్పేవాడు. "ఎత్తమనడానికీ దించమనడానికీ ఒకడే మనిసమ్మా, నీ మొగుడు. ఇంకెవుడు సెప్పినా నాను ఇనకూడదు. ఆపమనడానికి మాత్రం ఎవలైనా సరే. ఊడిసే ఆడమనిసి సెయ్యి ఊపినా ఆపాల్సిందే. ఎందుకని అడక్కూడదు. ముందు ఆపాల, తరవాత అడగాల."

నేను ఊరుకుంటానా? ఒకసారి ఆయన గబగబా సందు దాటి వెళుతుంటే, గుమ్మంలోంచి చెయ్యి చాచి అడ్డంగా ఊపాను. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. "ఏటమ్మా?" అన్నాడు కంగారుగా. "మీ పెరట్లో కరివేపాకు రెండు రెబ్బలు" అన్నాను. తిట్టలేదు. వెనక్కి వెళ్ళి కోసుకొచ్చి ఇచ్చి, మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆపినా ఆగాడు.

అసలు ఆయనంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి నాలుగోసారి లాగేవాడు. డ్యూటీకి వెళ్ళే ముందు గంటసేపు చేతులతో బరువు ముట్టుకునేవాడు కాదు. నీళ్ళ బిందె కూడా ఆయన భార్య, మా అత్తమ్మే మోసేది. "మహారాజు సేతులండీ, ముడితే మాసిపోతాయి" అని ఆవిడ సందంతా వినేలా సణుగుతుండేది. ఆయన చేతులు తుండులో చుట్టుకుని అరుగు మీద కూర్చుని, ఆ మాటలన్నీ తనవి కానట్టు వినేవాడు.

నాకు ఆ చేతుల విలువ తెలుసు. మా పెళ్ళయిన రెండో ఏడు, షెడ్డులో మా ఆయన కాలు జారి, వస్తున్న బకెట్ దారిలో పడిపోయాడు. సైగ చేయడానికి చెయ్యి కూడా లేవలేదు. పైనుంచి మావయ్య చూసి, అంత బరువునీ గాల్లో ఆపాడట. ఆపితే చాలదు, ఆ ఊపుకి బకెట్ ఊగితే ఉక్కు తొణుకుతుంది. తొణకలేదు. ఆ సంగతి మా ఆయన చెప్పిన రోజు నేను ఎదురింటికి వెళ్ళి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. "కాళ్ళకేటమ్మా, పని సేసింది సేతులు" అని నవ్వాడు.

ఇంక కెమెరా సంగతి. ఓడ మీద పనిచేసే బావమరిది సింగపూర్ నుంచి ఆయనకొక చిన్న వీడియో కెమెరా తెచ్చిచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయేది. అప్పట్లో పెళ్ళిళ్ళ వీడియోవాళ్ళు భుజం మీద ట్రంకుపెట్టెలంత కెమెరాలు మోసుకు తిరిగేవాళ్ళు. మావయ్య దీన్ని అన్నం క్యారేజీ సంచీలో పెట్టుకుని, తాడు మెళ్ళో వేసుకుని, బ్యాటరీని మాత్రం చంటిపిల్లలా తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చేవాడు. మన తెలుగువాళ్ళ పెళ్ళి ఎక్కడ జరిగినా వెళ్ళి తీసిపెట్టేవాడు. అది ఆయన సరదా.

మొదటి పెళ్ళి మా ఆడపడుచుదే. క్యాసెట్టు పెట్టి సందంతా మా ఇంట్లో కూర్చున్నాం. తాళి కట్టే సమయానికి పందిరి, పెళ్ళికొడుకు, పురోహితుడు, అందరూ గజగజా వణికిపోయారు. "ఓలమ్మో, బూకంపం!" అని ఎవరో అన్నారు. నవ్వులు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. మావయ్య ముఖం పాలిపోయింది. "కెమేరా తేలికయిపోనాది. బరువుంటేనే నిలకడ. మనిసికైనా మిసినికైనా" అన్నాడు. అది కొంత నిజమే. మరికొంత నిజం ఏమిటో ఆ రోజు ఆయనకి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాటి నుంచి ఆయన పిడి తయారీలో పడ్డాడు. కెమెరా అడుగున చిన్న మర కన్నం ఉంటుంది. దానికి సరిపడే మరమేకు దుర్గ్ బజారంతా వెతికినా దొరకలేదు. ప్లాంటు మిషన్‌లో చేయించుకోమంటే, "అది దొంగసొత్తు" అన్నాడు. పవర్ హౌస్ దగ్గర లేత్ మిషన్ పెట్టుకున్న తెలుగాయన దగ్గర మూడు ఆదివారాలు కూర్చుని మర తీయించుకున్నాడు. ఇనప పలక మీద ఆ మర, పలకకి రెండు పక్కలా రెండు పిడులు, కింద అరచేయంత ఇనప దిమ్మ. కుడిచేతి పిడి కోసం అత్తమ్మ తిరగలి పిడి ఊడబెరికాడు. ఆ పూట సందులో ఎవరికీ కునుకు పట్టలేదు. "పెసలు ఇసరాలంటే నా తలకాయి పెట్టి తిప్పాలేటి?" అని ఆవిడ. "తలకాయి గట్టిదే, తిరుగుతాదిలే" అని ఈయన.

పిడి బిగించాక ఆయన పెళ్ళిళ్ళు చూడాలి! మోకాళ్ళు కొంచెం వంచి, బాతులా, ఊపిరి బిగబట్టి నడిచేవాడు. మొదలుపెట్టేటప్పుడు మెల్లగా, ఆపేటప్పుడు ఇంకా మెల్లగా, పెళ్ళికూతుర్ని కూడా ఉక్కు బకెట్‌లాగే చూసేవాడు. బొమ్మ ఇంక కదల్లేదు. ఒక్కటే చిక్కు. ముఖాలు తీసేవాడు కాదు. చేతులు తీసేవాడు. తలంబ్రాలు దోసిలి పట్టే చేతులు, పప్పు వడ్డించే చేతులు, పెళ్ళికొడుకు తండ్రి జేబులోంచి రుమాలు తీసి మళ్ళీ పెట్టుకునే చెయ్యి. "మా మొకాలేవండీ?" అని పెళ్ళివారు అడిగితే, "మొకాలు మీకు తెలిసినవే కదేటి" అనేవాడు.

అప్పటి నుంచే ఆదివారం పరీక్షలు మొదలయ్యాయి. ఆయన టీవీ పాతది, కెమెరా వైరు పెట్టే రంధ్రాలు దానికి లేవు. మాదానికి ఉన్నాయి. ఆదివారం పదింటికి వచ్చి, కెమెరాకి పిడి ఊడదీసి పక్కన పెట్టేవాడు. మా గుమ్మంలో నిలబడి, ఉత్త చేతులతో, దూరంగా కనిపించే నీళ్ళ ట్యాంకుని ఒక్క నిమిషం తీసేవాడు. ట్యాంకు మీద పిడుగు పడకుండా పెట్టిన ఇనప చువ్వ ఉండేది. దాని కొసని జూమ్‌తో దగ్గరికి లాగి తీసేవాడు. తర్వాత వైరు టీవీకి పెట్టి, తను స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు.

"నువ్వు సూసి సెప్పమ్మా. నా కళ్ళు నా పచ్చమే మాటాడతాయి. కదిలినాదేటి?"

అలా ఎలా చెప్పడం? అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. బొమ్మ మొదలవగానే ఆపి, చువ్వ కొస ఎక్కడుందో టీవీ అద్దం మీద అక్కడ నా బొట్టుబిళ్ళ అంటించాను. కందిగింజంత బొట్టు. కొస దాని కిందే దాక్కుంటే కదలనట్టు, బయటికొస్తే కదిలినట్టు. మావయ్య ఎంత సంబరపడ్డాడో! "నీకు ఇంజినీరు బుర్ర ఉన్నాదే తల్లీ" అన్నాడు. సరదాకి నేనూ తీశాను. నా చేతుల్లో ట్యాంకు కల్లు తాగినట్టు ఊగింది. ఆయన చేతుల్లో కొస బొట్టు దాటలేదు. వారం వారం "నేదు మావయ్యా" అనేదాన్ని. ఆయన కళ్ళు తెరిచి, పిడి మళ్ళీ బిగించుకుని, టీ తాగి వెళ్ళేవాడు. ముసలాయనకి కెమెరా పిచ్చి ముదిరిందనుకున్నాను.

ఏడాది గడిచింది. ఒక ఆదివారం కొస బొట్టు పక్కనుంచి తొంగి చూసింది. స్టూలు మీద ఆయన కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. కదిలిందంటే ఎంత చిన్నబుచ్చుకుంటాడో! "నేదు" అనేశాను. ఆ తర్వాతి వారం ముందు జాగ్రత్తగా శనగబద్దంత బొట్టు అంటించాను. ఇంకో రెండు వారాలకి అదీ చాల్లేదు. పండగలకి పెట్టుకునే, అర్ధరూపాయంత ఎర్ర బిళ్ళ తీశాను. పెద్దాయన సంతోషం కంటే ఎక్కువా అనుకున్నాను. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముఖం మీద "బాగోలేదు" అని ఎవరంటారు? నేను కాబట్టి బొట్టు మార్చాను, ఇంకొకరైతే బొట్టు లేకుండానే "లేదు" అనేవాళ్ళు.

టీ కూడా ఆ రోజుల్లోనే మారింది. కప్పూ సాసరూ వద్దని, స్టీలు గ్లాసులో ఇమ్మన్నాడు. "సగమే పొయ్యమ్మా." షుగరేమో అనుకుని పంచదార తగ్గించాను. తెలివితక్కువదాన్ని.

ఒక బుధవారం మా ఆయన ఫస్ట్ షిఫ్టు చేసి మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, ఏదో కబురు చెప్పినట్టు చెప్పాడు. "ఈమద్దిన మావ దించుతుంటే బకెట్టు కూసింత ఊగుతోంది. కేబులేమో సూడమన్నాను. నవ్వేడు. 'నా సేతులకేటీ కానేదురా, ఆదోరం ఆదోరం మీ ఇంట్లోనే పరీచ్చ సేయించుకుంటన్నాను, నీ పెళ్ళామే నన్ను పాస్ సేత్తంది, బయపడకు' అన్నాడు. ఏటే, నువ్వెప్పుడు డాక్టరువయ్యేవు?"

చేతిలో గరిటె జారి గిన్నెలో పడింది. మా ఆయన సైగ చేశాడు, చాలు, ఇంక వడ్డించకు అని. నేను వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ బకెట్, ఆ బొట్టు, రెండూ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నేను మార్కులు కలుపుతున్నది మా ఆయన నెత్తి మీద ఊగే నిప్పుకి. అది తెలియకుండా కలిపాను సరే. ఇప్పుడు తెలిసింది. ఇప్పుడేం చెయ్యాలి?

మా ఆయనకి చెబితే రెండో నిమిషంలో సైకిలెక్కి ఫోర్‌మన్ ఇంటికి పోతాడు. ఆయన తీరే అంత. ముప్పై ఏళ్ళు పైన కూర్చున్న మనిషిని కిందికి లాగేస్తారు. మా ఆయన ప్రాణం నిలబెట్టిన చేతులకి నేనిచ్చే బహుమానం అదా? చెప్పకపోతే, రేపు పొద్దున్న మా ఆయన మళ్ళీ ఆ చేతుల కిందే నిలబడతాడు. నాకు నోరెక్కువని సందులో అందరూ అంటారు. కుళాయి దగ్గర నలుగురితో ఒక్కదాన్నే పోట్లాడి గెలిచినదాన్ని. ఆ నోరు ఆ నాలుగు రోజులూ పెగల్లేదు.

గురువారం తెల్లవారి క్యారేజీ ఇస్తూ, "ఇయాల సెలవు పెట్టవా?" అన్నాను. "ఎందుకు?" అన్నాడు. చెప్పలేకపోయాను. ఆ రోజు అన్నం మాడింది. శుక్రవారం పదకొండింటికి ప్లాంటు వైపు అంబులెన్స్ మోత వినిపించింది. అది వినిపిస్తే చాలు, మా సందులో ఆడవాళ్ళందరూ చేస్తున్న పని వదిలి గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారు. ఎదురు గుమ్మంలో అత్తమ్మ నిలబడింది. ఆవిడ నన్ను చూసి, అభయమిచ్చినట్టు తలాడించింది. ఆవిడ ముఖం చూడలేక లోపలికొచ్చేశాను. ఆ మోత ఎవరి కోసమో ఏమో, మావాళ్ళ కోసం మాత్రం కాదు. కానీ రెండున్నరకి రావాల్సిన మా ఆయన మూడుంబావు దాకా రాలేదు. గుమ్మానికీ వంటింటికీ ఎన్నిసార్లు తిరిగానో. సైకిల్ గంట వినిపిస్తే ప్రాణం లేచొచ్చేది, వేరేవాళ్ళది అని తెలిస్తే మళ్ళీ పోయేది. చివరికి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. పంచరట. మీదపడి ఏడ్చాను. "పంచరయితే ఏడుస్తారేటే పిచ్చిదానా" అని నవ్వాడు. ఆదివారం మావయ్యకే చెబుతానని ఆ క్షణాన మొక్కుకున్నాను. శనివారం ఎలా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం పదింటికి వచ్చాడు. మా ఆయన గుమ్మం పక్కన సైకిల్ చెయిన్‌కి నూనె వేస్తున్నాడు. నేను కందిగింజంత బొట్టు వేలి మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. మావయ్య సంచీలోంచి కెమెరా తీశాడు. పిడి ఊడదీయలేదు. తిరగలి పిడి కుడిచేత్తో, రెండో పిడి ఎడమచేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మావయ్యా, పిడి?" అన్నాను.

"ఉండనీమ్మా. మర బిగిసిపోయి రావడం నేదు" అన్నాడు, ట్యాంకు కేసే చూస్తూ.

తీశాడు. వైరు పెట్టాడు. బొట్టు అంటించాను. బొమ్మ నడిచింది. కొస బొట్టు కిందినుంచి వెంట్రుకవాసి కూడా జరగలేదు. ట్యాంకు, చువ్వ, ఆకాశం, అన్నీ గోడకి తగిలించిన పటంలా ఉన్నాయి. స్టూలు మీద ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"కదిలినాదేటమ్మా?"

కదల్లేదు. అది నిజం. "నేదు మావయ్యా" అంటే ఈసారి నేను అబద్ధం ఆడినట్టు కాదు. అంత తేలిక. మా ఆయన చెయిన్ తిప్పుతున్నాడు, కిరకిరమని చప్పుడు వస్తోంది. రేపు ఫస్ట్ షిఫ్టు. నోరు తెరిచాను. మళ్ళీ మూశాను.

"ఏటమ్మా, మాటాడవు?" అని కళ్ళు తెరిచాడు.

చెయ్యి చాచాను. అరచెయ్యి నేలవైపు పెట్టాను. అడ్డంగా ఊపాను.

చెయిన్ చప్పుడు ఆగిపోయింది. మా ఆయన గుమ్మంలోంచి నన్నూ, మావయ్యనీ, టీవీ మీది బొట్టునీ చూస్తున్నాడు. మావయ్య నా చేతినే చూశాడు. ఎందుకని అడగలేదు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని పిడి మర విప్పడానికి చూశాడు. మర బిగిసిపోలేదు. వేళ్ళే మర మీద నిలవడం లేదు. రెండుసార్లు జారాయి. మూడోసారి ప్రయత్నించకుండా రెండు చేతులూ కిందికి వదిలేశాడు.

"ఆపేసినానమ్మా" అన్నాడు.

నాకు ఏడుపు కట్టలు తెంచుకుంది. "నాదే తప్పు మావయ్యా. నాలుగు ఆదివారాలనుంచి కదులుతోంది. నేనే పెద్ద బొట్టు పెట్టి పెట్టి..."

"నాకు తెల్దేటి?" అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "నాను పూర్తిగా మూసుకునేవోణ్ణి కాదు తల్లీ. సగం కన్ను తెరిసే ఉంచేవోణ్ణి. బొట్టు పెరగడం సూసినాను. సూసి ఊరుకున్నాను. ఇంకో వారం, ఇంకో వారం అనుకున్నాను. ఇయాల అదీ నమ్మకం నేక పిడి ఎట్టుకొచ్చినాను." మా ఆయన వైపు తిరిగాడు. "ఒరే, కింద నిలబడ్డది నువ్వని తెలిసే ఊరుకున్నానురా. ఆ పాపం నాది. దీన్నేటీ అనకు."

మా ఆయనకి కోపం వస్తుందని భయపడ్డాను. నూనె చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చి, స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. మావయ్య కుడిచెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. టీవీలో ట్యాంకు అయిపోయి నీలం తెర వచ్చింది.

సోమవారం ఆయన క్రేన్ నిచ్చెన ఎక్కలేదు. తనే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నాడు. స్టోరులో కూర్చోబెట్టి, చేతి తొడుగులూ టోపీలూ ఇచ్చే పని ఇచ్చారు. "పైనుంచి అందరి నడినెత్తులూ సూసినోణ్ణి, ఇప్పుడు టోపీ సైజు అడుగుతన్నాను" అని సందులో నవ్వించేవాడు. నవ్వు ఆయన కళ్ళ దాకా వెళ్ళేది కాదు. ఆదివారాలు మా ఇంటికి రావడం మానేశాడు. ఎదురు గుమ్మమే, రోజూ ముఖాలు చూసుకునేవాళ్ళం. పలకరించేవాడు. లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. నాకు చాలా బాధగా ఉండేది. తప్పు చేసినదానిలా ఆ పది గంటల వేళకి టీవీ మీద గుడ్డ కప్పేసేదాన్ని. డ్యూటీకి ముందు చేతులు తుండులో చుట్టుకోవడం మాత్రం ఆయన మానలేదు. స్టోరుకి వెళ్ళే ముందు కూడా. అత్తమ్మ ఆ తర్వాత ఎప్పుడూ సణగలేదు. బిందె తనే మోసింది.

రిటైరై ఊరు వెళ్ళిపోయే రోజు, సామాను రిక్షాలో ఎక్కించాక, ఆయన మా గుమ్మం ఎక్కి లోపలికొచ్చాడు. చేతిలో పిడి. కెమెరా కూతురికి ఇచ్చేశాడట, పిడి మాత్రం నా చేతిలో పెట్టాడు. తిరగలి పిడి ఆయన చెమటకి నల్లగా నునుపెక్కి ఉంది.

"పెళ్ళిళ్ళకి ఎట్టుకో. పరీచ్చకి మాత్రం ఊడదియ్యి" అన్నాడు. గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి తిరిగి, "పదకొండేళ్ళు నీ మొగుడి సెయ్యే సూసినానమ్మా. ఆఖర్న ఆపింది నువ్వు. సరిగ్గా ఊపినావు" అన్నాడు. ఆ మాట పొగడ్తో, దెప్పో, ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

పెళ్ళి నుంచి ఇంటికొచ్చాక చీర కూడా మార్చుకోకుండా డాబా ఎక్కాను. మా డాబా మీదికి వేరే ట్యాంకు కనిపిస్తుంది. దాని మీదా చువ్వ ఉంది. ఫోను ఉత్త చేతులతో పట్టుకుని, కొసని దగ్గరికి లాగి ఒక్క నిమిషం తీశాను. కిందికొచ్చి, ఫోను అద్దం మీద ఆవగింజంత బొట్టు అంటించాను. మా ఆయన పేపరు చదువుతున్నాడు. ఏళ్ళ తరబడి ఆ రొదలో నిలబడ్డందుకు ఇప్పుడు ఆయనకి చెవులు సరిగా వినపడవు. ఫోను ఆయన చేతికిచ్చి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

"కదిలినాదేటి?" అని గట్టిగా అడిగాను.

వినపడలేదేమో అనుకున్నాను. ఇంకోసారి అడిగాను. చాలాసేపు చూశాడు కాబోలు, పేపరు మడిచిన చప్పుడైంది. భయం వేసి సగం కన్ను తెరిచాను.

మా ఆయన చెయ్యి చాచి ఉన్నాడు. అరచెయ్యి నేలవైపు ఉంది.

ఎందుకని అడగలేదు. లేచి, మేకుకున్న స్కూటీ తాళం తీసి, వంటింట్లో ఉన్న కోడలి చేతిలో పెట్టాను. "క్యా హువా అత్తయ్యా?" అంది కంగారుగా.

"రేపట్నించి పాపని నువ్వే దింపు" అన్నాను.